లాకిన్ పూర్తికాకుండా అద్దెదారు వెళ్లిపోతే?

ప్రశ్న: అమీర్‌పేటలో మా మొదటి అంతస్తును ఒక కోచింగ్ సెంటర్‌కు 3 ఏళ్ల లీజుకిచ్చాం. అద్దె నెలకు 60,000, అడ్వాన్సు 1,80,000. 18 నెలల లాకిన్ (ఆలోపు ఖాళీ చేయకూడదనే షరతు) రాసుకుని, వంద రూపాయల స్టాంపు కాగితంపై నోటరీ చేయించాం. వాళ్ల కోసం అప్పు చేసి పార్టిషన్లు కట్టించాను. ఏడో నెలలోనే 'ఖాళీ చేస్తున్నాం' అని వాట్సాప్‌లో పెట్టి, తాళాలు వాచ్‌మన్‌కిచ్చి పోయారు. కంప్యూటర్లు కొన్ని లోపలే ఉన్నాయి. మిగతా అద్దె కట్టేదాకా మా తాళం వేసి వాటిని పట్టుకోవచ్చా?

జవాబు: మీ అప్పు గురించి కోర్టు అడగదు. లీజు రిజిస్టరయిందా అని అడుగుతుంది. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నోటరీ ముద్ర దానికి బదులు కాదు. సెక్షన్ 49 వల్ల లాకిన్ షరతుకు ఆ కాగితం సాక్ష్యంగా చెల్లదు. మీరు కట్టిన స్టాంపు డ్యూటీ కూడా చాలదు. ఇంత అద్దె వచ్చే ఆస్తికి ఈ ఖర్చు తప్పించుకోవడం పెద్ద అజాగ్రత్త.

ముందు సంతకాల తేదీ చూడండి. పత్రాన్ని 4 నెలల్లో రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. ఆలస్యానికి తప్పనిసరి కారణముంటే సెక్షన్ 25 కింద మరో 4 నెలలు. అంటే మీకు మిగిలింది కొన్ని వారాలే. జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా ఉండొచ్చు, స్టాంపు లోటు, దానిపై పెనాల్టీ వేరు. అనుమతి జిల్లా రిజిస్ట్రార్ చేతిలో ఉంటుంది. ఎదుటివారు సంతకం తమది కాదన్నారని సబ్ రిజిస్ట్రార్ తిరస్కరిస్తే, 30 రోజుల్లో సెక్షన్ 73 కింద దరఖాస్తు పెట్టండి. రిజిస్టరయినా మిగిలిన అద్దె మొత్తం చేతికి రాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం సమంజసమైన నష్టమే వస్తుంది. కొత్త అద్దెదారు కోసం వెతికినట్టు టులెట్ ప్రకటనలు, బ్రోకర్ మెసేజ్‌లు తేదీలతో దాచండి.

రిజిస్టర్ కాకపోతే అది నెలసరి అద్దె. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద ముగించడానికి సంతకంతో 15 రోజుల రాతపూర్వక నోటీసు కావాలి. వాట్సాప్ మెసేజ్‌ను అలాంటి నోటీసు కాదని వాదించవచ్చు. పాత బాకీ, ఆ 15 రోజుల అద్దె, మామూలు అరుగుదలకు మించిన నష్టం లెక్కగట్టి అడ్వాన్సులోంచి మినహాయించండి, మిగిలింది తిరిగివ్వండి.

తాళం మాత్రం వేయకండి. కోర్టు ఆదేశం లేకుండా వాళ్ల సామాను ఆపే హక్కు మీకు లేదు, పోలీసు ఫిర్యాదు మీ మీదికే వస్తుంది. పైగా స్వాధీనం మీరే తీసుకున్నట్టయి, ఆ రోజు నుంచి అద్దె అడిగే దారి మూసుకుపోతుంది. వాచ్‌మన్ తాళాలు తీసుకోవడాన్ని కూడా వాళ్లు ఇప్పటికే అలా వాడుకోవచ్చు. అందుకే రేపే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: బాకీ, నష్టపరిహారం హక్కులు వదులుకోకుండానే తాళాలు ఉంచుకున్నామని, ఫలానా తేదీన వచ్చి సామాను తీసుకెళ్లాలని. ఇద్దరు సాక్షులతో గదుల ఫొటోలు, సామాను జాబితా రాయించండి. వాట్సాప్ మెసేజ్‌ను కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి, ఆ ఫోన్ మార్చకండి. బాకీ దావాకు ప్రతి నెల అద్దె గడువు తేదీ నుంచి విడివిడిగా 3 ఏళ్లు లెక్క.