పాత చీరల కోట్లు కుట్టించి అమ్మబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీవు పంపిన డిజైను బొమ్మలు, ఖర్చుల పట్టిక చూశాను. నీవూ నీ ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి పాత చీరలు కొని, అడిగినవారి కొలతలకు కోట్లుగా, పైన వేసుకునే ష్రగ్గులుగా కుట్టించి 'వింటేజ్' పేరుతో అమ్మాలనుకోవడం నాకు నచ్చింది. అమ్మ పట్టుచీరతో కూతురికి పరికిణీలు, చివికిన నూలు చీరలతో బొంతలు కుట్టుకున్న ఇళ్లు మనవి కనుక పని కొత్తదేమీ కాదు. దానికి ధర కట్టి బయటివారికి అమ్మడమే కొత్త. సికింద్రాబాదులో 26 ఏళ్లుగా కుట్టు దుకాణం నడుపుతున్నదాన్ని కాబట్టి, మీ బొమ్మల్లో కనిపించని సంగతులే రాస్తున్నాను.

కొత్త గుడ్డ తానులోంచి కోసిన ముక్క పాడైతే మరో రెండు మీటర్లు తెచ్చుకోవచ్చు. పాత చీర మాత్రం ఒక్కటే ఉంటుంది, దాని మీద కత్తెర ఒక్కసారే పడుతుంది. నేను దుకాణం పెట్టిన కొత్తలో ఒకావిడ తన తల్లి పట్టుచీర తెచ్చి మనవరాలికి పరికిణీ కుట్టమంటే, పైకి మెరుస్తోంది కదా అని నేరుగా కోసేశాను. కుచ్చిళ్లు పెడుతుండగా, ఏళ్ల తరబడి మడిచి ఉంచిన గీతల వెంబడే అది చీలిపోయింది. నేను కూలి వదులుకున్నంత మాత్రాన ఆవిడ బాధ తీరలేదు.

అందుకని చీర కొనేముందు దాన్ని పూర్తిగా విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. మడతల దగ్గర రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగి చూడండి. కాళ్ల దగ్గర అరిగిన అంచు, భుజం దగ్గర పిన్నీసు చేసిన రంధ్రాలు తప్పకుండా ఉంటాయి కాబట్టి, ఐదున్నర మీటర్ల చీరలో మీకు పనికొచ్చేది మూడు మీటర్లకు మించకపోవచ్చు. తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. పట్టో కాదో తేలకపోతే ఒక పోగు కాల్చండి. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది, పాలియెస్టరు అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు కనుక అతుకు మీదుగా అడ్డంగా కోసి తరువాత ఉతికితే రెండూ ఒకేలా కుంచించుకోవు. కోయడానికి ముందే ఒకసారి కుంకుడు రసంలో ముంచి, నీడన ఆరబెట్టండి. కలరా ఉండల వాసన పోవడానికి నాలుగైదు రోజుల గాలి అవసరం. అత్తరు చల్లి కప్పిపుచ్చాలని చూడకండి.

పేర్ల విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉంటాను. పోచంపల్లిలో దారాన్ని ముందే కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. వెనుక వైపు వెలిసినట్టు ఉంటే అది అచ్చు గుడ్డ. దాన్ని అచ్చు గుడ్డ అనే చెప్పి అమ్మండి.

చీరల కోసం జుమ్మెరాత్ బజారుకు, ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్లండి కానీ, ముందు మీ మూడు ఇళ్ల బీరువాలు అడగండి. పాత చీరలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లతో పరిచయం పెంచుకుంటే ఇంకా మంచిది. అసలు వెండి జరీ చీరలు మాత్రం మీ చేతికి వస్తాయని ఆశపడకండి. వెండి కోసం కాల్చేవారు వాటిని ముందే కొనేస్తారు.

ఇక మీ పట్టిక. చీర 700, ఉతుకు, ఇస్త్రీ 100, లైనింగ్ 200, కుట్టు కూలి 600, గుండీలు, దారం 60, ప్యాకింగ్, కొరియర్ 140, మొత్తం 1,800 రూపాయలని సరిగానే కూడారు. అయితే ఐదు చీరలు ఉతికితే ఒకటి పనికిరాకుండా పోతుందనుకోండి, దాని ధర, ఉతుకు కలిపి 800 మిగిలిన నాలుగింటి మీద పడి ఒక్కో కోటు 2,000 అవుతుంది. మీరు పెట్టిన ధర 1,999. అంటే మీ ముగ్గురి శ్రమకు కూలి లేకపోవడమే కాక, ప్రతి కోటుకూ ఒక రూపాయి ఎదురు ఇస్తున్నారు! కొలతలకు కుట్టినది తిరిగి వస్తే మరొకరికి సరిపోదు కాబట్టి, సగం సొమ్ము ముందే తీసుకోండి. కొలతలు ఫోనులో చెప్పించుకోవడం కన్నా, వారికి సరిగ్గా సరిపోయే పాత కుర్తా ఒకటి కొలతకు ఆదిగా పంపించమనండి. మచ్చ, రఫూ (చిరుగును దారంతో అల్లి పూడ్చిన చోటు) ఎక్కడ ఉన్నాయో ఫొటోలో చూపించి, వారు ఒప్పుకున్నాకే కోయండి.

స్నేహితుల మధ్య రాతకోతలు ఎందుకని నీవన్న మాట నాకు నచ్చలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు అందరికీ సమానమే. రాత్రంతా మేలుకుని గుండీలు కుట్టినవారికీ, నెలకు ఒక్కసారి ఫొటో తీసినవారికీ ఒకే వాటా. ఎవరు ఎంత పెట్టారు, ఎవరి పని ఏది, చదువు కోసం ఎవరైనా తప్పుకుంటే వారి సొమ్ము ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నవి రాసి ముగ్గురూ సంతకాలు చేయండి. మీలో ఒకరికి ఇంకా 18 నిండలేదన్నావు. ఆ అమ్మాయి అప్పటిదాకా పూర్తి భాగస్వామి కాలేదు కనుక వారి పెద్దలతో మాట్లాడండి. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు కానీ, విజయవాడకు పంపినా అది వేరే రాష్ట్రపు అమ్మకమే, అలాంటి అమ్మకాలకు నియమం వేరు. బయటి రాష్ట్రపు ఆర్డరు తీసుకునేముందు ఆడిటరును అడగండి.

మొదలుపెట్టడానికి ఆషాఢం మంచిది. పెళ్లిళ్లు ఉండవు కనుక కటింగ్ మాస్టర్లకు తీరిక ఉంటుంది, మీ నమూనాలు ఓపికగా కుడతారు. శ్రావణం వచ్చాక జాకెట్ల గుట్టల మధ్య మీ కోటును ఎవరూ ముట్టుకోరు. పరీక్షల నెలలో ఆర్డర్లు తీసుకోబోమని ముందే చెప్పేయండి.

వచ్చే ఆదివారం ముగ్గురూ ఐదు చీరలు పట్టుకుని దుకాణానికి రండి. ఏవి వదిలేయాలో మీరే తేల్చాలి, నేను పక్కన కూర్చుని చూస్తాను. నా పెద్ద కత్తెరతో మాత్రం ఎవరూ కాగితం కోయకూడదు.

ఇట్లు,
మీ అత్తయ్య