బాపు దుకాణం లెక్కలు రెజ్యూమెలో ఏవి?

బిడ్డా,

నువ్వు పంపిన రెజ్యూమె నిన్న రాత్రి తీరిగ్గా చదివాను. రెండు పేజీలూ తిప్పినా అందులో నువ్వు ఎక్కడా కనబడలేదు. హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లర్నర్ అని ఉంది. ముప్పై ఏళ్లు కంపెనీల్లో మనుషులను తీసుకునే పనే చేశాను కదా, నేను బద్ధకస్తుణ్ని అని రాసినవాడు ఒక్కడూ తగల్లేదు. మతం, పెళ్లి అయిందా లేదా, చివర "పై వివరాలన్నీ నిజమని" అంటూ ఒక డిక్లరేషన్. ఇదంతా జిరాక్స్ సెంటర్ కంప్యూటర్లో ఏళ్లుగా పడి ఉన్న ఫార్మాటే. వాళ్లు పేరు మార్చి ప్రింట్ తీసిచ్చారు. అవన్నీ తీసెయ్, ఒక్క పేజీ చాలు.

నాకు గుచ్చుకున్నది ఇది కాదు. బీకాం 2023లో అయిందని రాశావు, తర్వాత అంతా ఖాళీ. మీ అమ్మను అడిగితే "ఖాళీగనే ఉన్నది అన్నా, బాపుతోటి దుకాణంల కూసుంటది" అన్నది. నర్సంపేటలో ఎరువుల దుకాణం గల్లా మీద కూర్చోవడం ఖాళీగా ఉండటమా?

నువ్వు చేస్తున్న పని ఏమిటో నేను చెబుతా విను. 2018 నుంచి ఎరువుల సబ్సిడీ పద్ధతి మారింది. దుకాణంలో పాస్ మిషన్ మీద రైతు ఆధార్‌తో వేలిముద్ర వేసి, అమ్మకం అందులో ఎక్కితేనే కంపెనీకి సబ్సిడీ వస్తుంది. అందుకే మిషన్‌లో స్టాకు ఎంతుందో గోదాంలో బస్తాలూ అన్నే ఉండాలి. తేడా వస్తే వ్యవసాయాధికారికి జవాబు చెప్పాల్సింది దుకాణదారే. వానాకాలంలో యూరియా లారీ దిగిన రోజు బయట లైను కట్టి రైతులు నిలబడితే, 45 కిలోల బస్తాలు ఒక్కొక్కటి లెక్క తప్పకుండా ఇచ్చేది నువ్వే కదా. ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం జీఎస్టీ. ఒకే బిల్లులో రెండు రేట్లు. ఇది చాలక మిర్చి అమ్ముడుపోయాక కడతామనే రైతుల ఉద్దెర ఖాతాలు. మీ బాపు ఎర్ర అట్ట పుస్తకం పక్కన పెట్టి అవన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించింది నువ్వేనని పోయిన దసరాకు ఆయనే మురిసిపోతూ చెప్పాడు. కంపెనీలో ఆ స్టాకు సరిచూసే పనికి స్టాక్ రీకన్సిలియేషన్ అని పేరు పెట్టి జీతం ఇస్తారు.

కాబట్టి చదువుకు పైన, మొట్టమొదట ఇది రాయి: "2023 నుంచి కుటుంబ ఎరువుల దుకాణంలో లెక్కల బాధ్యత. రోజూ పాస్ మిషన్ స్టాకును గోదాం స్టాకుతో సరిచూడటం. రెండు జీఎస్టీ రేట్లతో బిల్లింగ్. ఇంతమంది రైతుల ఉద్దెర ఖాతాలు ఎక్సెల్‌లో నిర్వహణ." ఇంగ్లిష్‌లోకి నువ్వే మార్చుకో, నేను మారిస్తే అది నా భాష అవుతుంది. "ఇంతమంది" అన్న చోట ఫైలు తెరిచి, ఖాతాలు లెక్కపెట్టి, ఉన్న సంఖ్య వెయ్యి. అంకె కనబడితే ఇంటర్వ్యూ చేసేవాడు దాన్నే పట్టుకుని అడుగుతాడు, నీకు కావలసిందీ అదే. సొంత దుకాణమని దాచొద్దు, అందులో నామోషీ ఏముంది?

ఇప్పుడు ఆ కన్సల్టెన్సీ సంగతి. డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు ఇస్తామన్నారని రాశావు. మీ బ్యాచ్‌లో ఇద్దరు కట్టారని కూడా. బిడ్డా, 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. నువ్వు పనిచేశానన్న రెండేళ్లలో నీ పేర పీఎఫ్ పడిందా లేదా అని కొత్త కంపెనీ నీ యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, ద్వారా చూసుకుంటుంది. లెటర్ మీద ముద్ర ఎంత బాగున్నా, పీఎఫ్ ఖాతాలో ఒక్క నెల కూడా లేకపోతే అక్కడే దొరికిపోతారు. చేరాక ఆరు నెలలకు బయటపడినా తీసేస్తారు. అలా తీసేసిన కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. ఎదురుగా కూర్చుని ఏడ్చేవాళ్లు, నా చేతిలో ఏమీ ఉండేది కాదు.

నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ని కాదులే. 1986లో హనుమకొండలో టైపు నేర్చుకుని ఇంగ్లిష్ లోయర్ పాసయ్యాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి దరఖాస్తు పెడుతూ హయ్యర్ అని రాశాను. ఎవరు చూస్తారులే అనుకున్నా. అక్కడి మేనేజరు మిషన్ ముందు కూర్చోబెట్టి ఒక పేజీ ఇచ్చాడు. హయ్యర్ అంటే నిమిషానికి 45 మాటలు, నా వేళ్లకు 30 దాటలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. కాగితం మిషన్‌లోంచి తీసి, మడిచి, నా చేతిలో పెట్టాడు. కాజీపేట దాకా రైల్లో అది జేబులోనే ఉంది, పారేయడానికీ చెయ్యి రాలేదు.

చిన్న విషయాలు రెండు. పదో తరగతి మెమోలో నీ ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఉద్యోగం వచ్చాక పీఎఫ్‌లో, బ్యాంకులో ఇదే టెన్షన్ పెడుతుంది. అన్నింటిలో ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేయించుకో. ఇక నువ్వు పంపింది ప్రింటుకు ఫొటో తీసిన పీడీఎఫ్. దాని మీద వేలు పెట్టి ఒక వాక్యం కాపీ చేసి చూడు, రాదు. మనిషి చూడకముందే వడపోసే సాఫ్ట్‌వేర్‌కు అందులోని అక్షరాలు అందకపోవచ్చు. వర్డ్‌లో టైపు చేసి, అక్కడి నుంచే పీడీఎఫ్ చెయ్యి. రంగులు, రెండు కాలమ్‌లు, బొమ్మలు వద్దు.

ఎక్కడ వెతకాలంటావా? నౌక్రీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టు, కేంద్రం వాళ్ల ఉద్యోగాల సైట్ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో కూడా. రెండోది ఉచితం. మడికొండ ఐటీ పార్కు అంటూ అందరూ అటే చూస్తున్నారు. నీకు అంతకంటే దగ్గరి దారి దుకాణం గడపలోనే ఉంది. ప్రతి సీజన్‌కూ విత్తన కంపెనీ, పురుగుమందుల కంపెనీ సేల్స్ ఆఫీసర్లు వచ్చి మీ బాపుతో చాయ్ తాగి పోతారు కదా. ఆ కంపెనీల డిపోల్లో, హైదరాబాద్ ఆఫీసుల్లో డీలర్ ఖాతాలు చూసేవాళ్లు కావాలి. డీలరు వైపు నుంచి ఆ లెక్క చూసినవాళ్లు వాళ్లకు ఎంతమంది దొరుకుతారు? యాసంగి స్టాకు కోసం వచ్చినప్పుడు వాళ్లను అడుగు. మీ జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్‌నూ అడుగు. మీ బాపు మొహమాటపడతాడు, నువ్వే అడగాలి.

తెలుగు మీడియం కదా, ఇంగ్లిష్‌లో అడిగితే ఎట్లా అన్నావు. నీ పని గురించి ఆరు వాక్యాలు రాసుకుని, రోజూ షట్టర్ తెరవకముందు పైకి చదువు. ఆపై ఏమడిగినా నీకు తెలిసిన పని గురించే అడుగుతారు.

ఆదివారంలోపు కొత్తది పంపు. దాంతోపాటు ఆ ఉద్దెర ఖాతాల ఎక్సెల్ కూడా, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి. ఫొటో కాదు, ఫైలే పంపు.

మీ మామ