మామగారి పుస్తకాలు

ప్రశ్న: కీర్తిశేషులైన మా మామగారు తెలుగు ఉపాధ్యాయులు. ఆయన దాచిన పాత నవలలు, వారపత్రికలు, మా పిల్లల పోటీ పరీక్షల గైడ్లతో అటక నిండిపోయింది. పాతసామాన్లవాళ్లకు తూకానికి వేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, తూకానికి వేయకపోవడమే మంచిదైంది. ముందు పాత పత్రికలను విడదీయండి. ఒక ఏడాది సంచికలు వరుసగా ఉంటే వాటిని చెదరగొట్టకండి, ఎందుకంటే పరిశోధకులకు విడి సంచిక కన్నా పూర్తి సంపుటమే ఎంతో విలువైనది. మీ ఊళ్లోనే 1904లో స్థాపించిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. సంచులు మోసుకెళ్లే ముందు పేరు, రచయిత, ముద్రణ సంవత్సరాలతో జాబితా రాసి చూపండి; వారి దగ్గర లేనివేవో వారే చెబుతారు. వారికి అక్కర్లేని నవలలను ఊరి బడికో, చదివే అలవాటున్న బంధువులకో ఇవ్వవచ్చు. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలను స్కాన్ చేయించి అందరికీ అందించడానికి చట్టం అడ్డురాదు. బూజు పట్టినవాటిని మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి, అది పక్క పుస్తకాలకూ పాకుతుంది. 2014కు ముందు అచ్చయిన జనరల్ నాలెడ్జ్ గైడ్లలో తెలంగాణ రాష్ట్రమే ఉండదు కనుక వాటిని నిస్సంకోచంగా పాతకాగితాలకు వేయండి. గణితం, వ్యాకరణం పుస్తకాలను గ్రంథాలయాల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఇవ్వండి.