అండమాన్‌లో అయిదింటికే పొద్దుగూకుతుంది

ప్రశ్న: నాకు 57, మావారికి 61. డిసెంబరులో అండమాన్‌కి గైడుతో వెళ్ళే గ్రూప్ టూర్ ఒకటి మా అబ్బాయి చూశాడు. మొత్తం నాలుగు రాత్రులు. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, రెండోది హేవ్‌లాక్, మూడో రోజు నీల్ ఐలాండ్ చూసి సాయంత్రానికి మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్, నాలుగో రోజు బారాటాంగ్ గుహలు. నాకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది, మోకాళ్ళ నొప్పులు సరేసరి. డబ్బు కట్టమంటారా? మనవరాలు గవ్వలు తెమ్మంది కూడా. – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కట్టండి, కాకపోతే ఆ ప్లాన్ మార్పించి కట్టండి. ముందు బారాటాంగ్ తీసేయించండి. తెల్లారకముందే లేపుతారు, జారవాలనే ఆదిమ తెగవాళ్ళుండే అడవి మధ్య నుంచి కాన్వాయ్‌లో గంటలకొద్దీ బస్సు, ఆపడానికి లేదు, ఫొటో తియ్యడానికి లేదు, తర్వాత పడవ, ఆపైన నడక, మళ్ళీ ఇదంతా వెనక్కి. మీ కడుపుకీ మోకాళ్ళకీ రెండింటికీ శిక్షే. దారిలో జారవాలు కనిపిస్తారేమోనని కిటికీలకి అతుక్కుపోయే జనాన్ని చూస్తే నాకైతే ఒళ్ళుమండుతుంది, అది వేరే సంగతి.

అలా మిగిలిన రాత్రిని హేవ్‌లాక్‌లో గడపండి. నీల్ కూడా వదిలేయండి. నిజానికి నాకు నీలే ఎక్కువ నచ్చింది, అయినా మీకు వద్దంటున్నాను, ఎందుకంటే ఇప్పుడున్న ప్లాన్‌లో మీరు మూడుసార్లు షిప్పెక్కాలి, హేవ్‌లాక్ ఒక్కటే అయితే రెండుసార్లతో పోతుంది. ఎక్కేముందు ఒకటి రెండు ఇడ్లీలకి మించి తినకండి, వాంతుల మాత్ర మీ డాక్టర్ని అడిగి ముందే వేసుకోండి, షిప్పు మధ్యభాగంలో సీటు అడగండి. చివరి రాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. సముద్రం బాగోకపోతే షిప్పులు ఆపేస్తారు, విమానం మీకోసం ఆగదు కదా.

ఇంకొకటి, దీన్ని ఏ బ్రోచర్లోనూ రాయరు. అండమాన్ మనకి చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకని డిసెంబరులో సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడిపోతుంది. మా గ్రూప్‌లో తొమ్మిదిన్నర దాకా టిఫిన్లే సాగాయి, నీల్‌లో ఆ సహజ రాతి వంతెన దగ్గరికి చేరేసరికి పోటు వచ్చేసింది, ఆటు ఉన్నప్పుడు తప్ప అక్కడికి నడిచి వెళ్ళలేం. గైడేమో "చూశారుగా, అదిగో" అని దూరం నుంచి వేలు చూపించాడు! కాబట్టి డబ్బు కట్టేముందు ఎన్ని చోట్లు చూపిస్తారని కాదు, పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు, హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి ఎన్నింటికి చేరుస్తారు అని అడగండి. అది పడమటి ఒడ్డు, సూర్యాస్తమయానికే వెళ్తారు, నాలుగుకల్లా చేరకపోతే పావుగంట చూసి బస్సెక్కడమే. రెండు రాత్రులుంటే ఒకరోజు పొద్దున్నే కాలాపత్తర్ బీచ్‌లో సూర్యోదయం కూడా చూడొచ్చు, మెట్లూ రాళ్ళూ ఎక్కే పనిలేదు.

టికెట్ల మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే అది హేవ్‌లాకే, 2018లో మార్చారు. పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. భాష గురించి బెంగ వద్దు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళు అక్కడ చాలామంది, జెట్టీ దగ్గరే తెలుగు వినిపిస్తుంది. సెల్యులార్ జైలుకి మొదటిరోజే వెళ్ళండి, గైడు చెప్పకపోతే మీరే అందరికీ చెప్పండి: అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

గవ్వలంటారా, ఒడ్డున ఏరినవి, పగడపు ముక్కలు అసలే తేవద్దు, ఎయిర్‌పోర్టులో బ్యాగు తీయించి లాగేసుకుంటారు. మనవరాలికి కొట్లో కొని, బిల్లు పర్సులో పెట్టుకోండి.