స్క్రీన్‌ప్లే పుస్తకం అడిగిన అమ్మాయికి ఏది కొనిపెట్టాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయి అమలాపురంలో బీకాం రెండో ఏడు చదువుతోంది. ఆరు నెలలుగా సినిమాకి కథలు రాస్తానంటోంది. స్క్రీన్‌ప్లే నేర్పే పుస్తకం కొనమంటోంది, లేకపోతే పాతిక వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేర్చమంటోంది. ఏ పుస్తకం మంచిదండీ? కొనిస్తే మోజు తీరి చదువు మీద పడుతుందా? లేక ఇంకా ముదిరి...

జవాబు: అయ్యా, మీరు పైకి అడిగింది పుస్తకం గురించి. ఆఖరి వాక్యం సగంలో ఆపేసిన చోట అసలు భయం ఉంది. ఈ పుస్తకం కొనడమంటే పిల్లకి హైదరాబాదు బస్సు టికెట్టు కొనిచ్చినట్టేనా అని మీ బెంగ. రావులపాలెం నుంచి నర్సాపురం దాకా ఇదే బెంగతో నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. మగపిల్లాడైతే ‘కృష్ణానగర్‌లో పడి చెడిపోతాడు’ అని పూర్తిగా అనేస్తారు. ఆడపిల్లయితే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

కాస్త కుదుటపడండి. మీ అమ్మాయి కాలేజీ మానేస్తానని అనలేదు, ఊరు దాటతాననీ అనలేదు. రాయడం ఎలాగో నేర్చుకుంటాను, పుస్తకం కొనిపెట్టు నాన్నా అంది. ఆరు నెలలుగా అదే మాట మీద ఉందంటే, మీకు చెప్పకుండా ఏదీ చేయదనే నాకు అనిపిస్తోంది. ఆ అలవాటు చెడగొట్టుకోకండి.

‘మోజు తీరుతుందా’ అన్న మాట మాత్రం నాకు కష్టం కలిగించింది. రేపు మీ కొట్లో కూర్చుని చిట్టా లెక్కలు నేర్చుకుంటానంటే, విసుగెత్తి పారిపోయేలాంటి లెక్క వెతికి ఇస్తారా? ఇవ్వరు కదా. లావుపాటి పుస్తకం ఒకటి కొని ముందు పడేసి, ‘చూశావా, ఇది నీ వల్ల కాదు’ అనిపించే ఆలోచన ఏదైనా ఉంటే ఈ పూటే మానుకోండి. పందొమ్మిదేళ్ల పిల్లకి తండ్రి నోట విన్న ఆ మాట చాలా ఏళ్లు గుర్తుంటుంది.

ఇక పుస్తకాలు. మొదటిసారి చదివేవాళ్లకి నేను చెప్పేది సిడ్ ఫీల్డ్ రాసిన ‘స్క్రీన్‌ప్లే’. 1979లో అమెరికాలో వచ్చింది, ఇంగ్లిష్ తేలిగ్గానే ఉంటుంది. 120 పేజీల స్క్రిప్టుని మూడు అంకాలు చేసి, మొదటిదానికి 30 పేజీలు, మధ్యదానికి 60, చివరిదానికి 30 అని పంచుతాడు. మొదటి రెండు అంకాల చివరా కథని మరో దారి పట్టించే మలుపు ఉండాలంటాడు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడుముకునే పిల్లలకి ఈ లెక్క ధైర్యం ఇస్తుంది.

అయితే అందులో మన ఇంటర్వెల్ ఉండదు, మన పాట ఉండదు. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అన్న కొలత కూడా ఇంగ్లిష్‌లో 12 పాయింట్ల సైజులో, కొరియర్ అనే టైపు అక్షరాలతో, వాళ్ల పద్ధతిలో టైపు చేసిన పేజీకి పెట్టుకున్న ఉజ్జాయింపు. మన దగ్గర చాలామంది పేజీ మధ్యలో నిలువు గీత గీసి ఎడమపక్క జరిగేదీ, కుడిపక్క మాటలూ రాస్తారు. ఆ పేజీకి ఈ కొలత అతకదు. తేడా వచ్చినప్పుడు తను తప్పు రాశానని అమ్మాయి బెంబేలు పడకుండా ఈ సంగతి ముందే చెప్పండి.

రెండోది బ్లేక్ స్నైడర్ 2005లో రాసిన ‘సేవ్ ది క్యాట్’. కథని 15 మెట్లు చేసి, 110 పేజీల్లో ఏ మెట్టు ఎక్కడ రావాలో కూడా చెబుతుంది. సరదాగా సాగుతుంది, రెండు రోజుల్లో అయిపోతుంది. నేను చూసిన ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావాటి సరుకు ఈ మెట్లే, మాట మార్చి చెబుతారు.

నా అనుమానమంతా ఇక్కడే. ఆ కోర్సులు చేసిన పిల్లలు నాకు తెచ్చి చూపించే కాగితాల్లో పదిహేను మెట్ల గడులూ నిండి ఉంటాయి, మనిషి మాత్రం కనపడడు. భీమవరం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కోర్సు చేశాడు, సర్టిఫికెట్ ఉంది. తను ఎన్నడూ చూడని మంచుకొండల ఊళ్లో ప్రేమకథ రాశాడు. మాటల్లో మాటగా మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగితే రొయ్యల చెరువు అన్నాడు. ఒక రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయట. జనరేటర్ అంటుకోలేదట. ఆక్సిజన్ అందక రొయ్యలు నీటి పైకి తేలుతుంటే వాళ్ల నాన్న నడుం లోతు నీళ్లలో దిగి చేతుల్తో నీళ్లు కొడుతూ ఉండిపోయాడట. వింటుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. ‘ఇది రాయలేదేం?’ అన్నాను. ‘ఇది సినిమా కథ కాదు కదా సార్’ అన్నాడు. వేల రూపాయలు తీసుకుని ఆ కుర్రాడికి నేర్పింది అదీ! అందుకే పాతిక వేలు ఇప్పుడు కట్టొద్దంటున్నాను. ఏ దర్శకుడూ ఆ సర్టిఫికెట్ అడగడు, ‘ఒక సీను చెప్పు’ అంటాడు. కథని వాటంతటవే రాసిపెట్టే యాప్‌ల జోలికి కూడా ఇప్పుడే పోనివ్వకండి. నేర్చుకునే వయసులో తడబాటు తనదే అయి ఉండాలి.

రాబర్ట్ మెకీ ‘స్టోరీ’ (1997) గొప్ప పుస్తకమే, కానీ నాలుగైదు స్క్రిప్టులు రాసి దెబ్బతిన్నవాళ్లకి బాగా ఎక్కుతుంది. తెలుగులో కావాలంటే పరుచూరి గోపాలకృష్ణ గారి పరిశోధన గ్రంథం ఉంది, మన సినిమాల కథ, కథనం, శిల్పం గురించి. ఏది కొన్నా ముందు ఒక పని చేయించండి. సీను గురించి చెప్పే అధ్యాయం పది పేజీలు చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో మీ ఆవిడకి తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఆ పుస్తకం తనకి పనికొస్తుంది. చెప్పలేకపోతే ఎంత పేరున్న పుస్తకమైనా పక్కన పెట్టేయండి.

పుస్తకంతో పాటు సినిమా కూడా చదవాలి. ముళ్లపూడి వెంకటరమణ పుట్టింది మన ధవళేశ్వరంలో. ఆయన రాయగా బాపు తీసిన ‘సాక్షి’ (1967) షూటింగ్ జరిగింది గోదారి ఒడ్డున పులిదిండిలో. పడవ నడిపే అమాయకుడు ఒక హత్యకి సాక్ష్యం చెబుతాడు. హంతకుడు పగబట్టి వస్తుంటే ఊరు అండగా నిలవదు. అమ్మాయిని నోటుపుస్తకం పట్టుకుని అది చూడమనండి. ఒక్కో సీనూ ఒక్కో వాక్యంలో రాసుకోవాలి, ఇంటర్వెల్ ఎన్నో నిమిషంలో పడిందో గుర్తుపెట్టుకోవాలి. ఒక సినిమాని అలా విప్పి చూస్తే, సిడ్ ఫీల్డ్ చెప్పే మలుపు ఏమిటో దానంతటదే అర్థమవుతుంది. మాటలు రాయడానికి శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి కథలు చదవాలి. తూర్పు గోదావరి ఆడవాళ్ల పలుకుబడి అంత నిక్కచ్చిగా పట్టుకున్నవాళ్లు నాకు మరొకరు కనపడరు.

డబ్బు సంగతి దాచను. ఈ పనిలో మొదటి ఏళ్ల సంపాదనకి నిలకడ లేదు. అందుకే డిగ్రీ పూర్తి చేయాలి. పుణేలోని ప్రభుత్వ సినిమా విద్యాసంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌రైటింగ్ చదవాలన్నా డిగ్రీ ఉండాల్సిందే. కాబట్టి బీకాంకీ కథకీ తగువు పెట్టకండి. ఇంకొక్కటి: కాపీరైట్ చట్టం (1957) ఊహని కాపాడదు, రాసిన రూపాన్ని కాపాడుతుంది. నోటితో కథ చెప్పి రావడానికి ముందు కాగితం మీద పెట్టి తేదీ వేసుకోవడం ఇప్పటినుంచే అలవాటు కావాలి.

మొదటి సీనుకి చోటు నేనే చెబుతాను. కోటిపల్లి రేవు, జనాన్ని దాటించి ముక్తేశ్వరం వెళ్లే పెద్ద పడవ, ఆఖరి పంటు. గోదారి పోటెత్తుతోంది, పంటు ఆపేయమని కబురొచ్చింది. ఒకామె ఎలాగైనా అవతలి ఒడ్డుకి చేరాలి. ఎందుకన్నది ఆమె ఎవరికీ చెప్పదు. టికెట్టు కొట్టేవాడు ఎక్కనివ్వడు. ఆమె ఏడవకూడదు, ‘నాకు భయంగా ఉంది’ అనకూడదు. చేతి సంచీ, తడిసిన చీర అంచు, అతను పదేపదే లెక్కపెట్టే చిల్లర, వీటితోనే మనకి తెలియాలి. మూడు పేజీలు చాలు.

రాయడం అయ్యాక మీ ఇద్దరూ కూర్చుని పైకి చదవండి. ఆమె మాటలు అమ్మాయి చదువుతుంది. టికెట్టు కొట్టేవాడి మాటలు మీరు చదవండి.