నెలతక్కువ పిల్ల రీసెర్చ్ చేస్తానంటోంది, చేయగలదా?

ప్రశ్న: మా అమ్మాయి 29 వారాలకే పుట్టింది, 1,150 గ్రాములు. 50 రోజులు బాక్సులో పెట్టారు. ఇప్పుడు ఇంటర్ సెకండియర్, బైపీసీ. తనలా పుట్టే పిల్లల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అసలే నెలతక్కువ పిల్ల, ఒత్తిడి తట్టుకుంటుందా? నీట్ లాంగ్ టర్మ్ పెట్టించాలా, బీటెక్ బయోటెక్నాలజీ నయమా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని కుదించి వేశాం. మీరు రాసిన నాలుగు పేజీల్లో కోర్సుల గురించి ఉన్నవి మూడు వాక్యాలే, మిగతాదంతా ఆ 50 రోజులే. నా దగ్గరకొచ్చే ఇలాంటి తల్లిదండ్రులంతా అంతే, అడిగేది సీటు గురించి, లోపలున్నది ఆ వార్డు బయట కూర్చున్నప్పటి భయం.

నెలలు నిండని పిల్లలకు రెండేళ్ల వరకే డాక్టర్లు ఆ తగ్గిన వారాలు తీసేసి వయసు లెక్కిస్తారు. మీరు పదిహేడేళ్లొచ్చినా ఇంకా తీసేస్తూనే ఉన్నారు. కొందరికి చూపు, ఏకాగ్రత, లెక్కల్లో ఇబ్బంది మిగలొచ్చు, నిజమే, కానీ మీ పిల్ల మార్కుల్లో నాకలాంటిదేమీ కనిపించలేదు, కళ్లు మాత్రం ఏటా చూపించండి చాలు. చుట్టాల ముందు, అదీ ఆ పిల్ల వింటుండగా, 'నెలతక్కువది' అనడం మానేయండి. కోపమొచ్చినా సరే, చెప్పాల్సిందే చెబుతున్నాను.

లాంగ్ టర్మ్ విషయం. డాక్టర్ కావాలని పిల్లకే బలంగా ఉంటే ఒక ఏడాది సరే. తను రీసెర్చ్ అంటుంటే మీరు తీసుకెళ్లి హాస్టల్లో వేయడమేమిటి? ఎంబీబీఎస్, ఎండీ పీడియాట్రిక్స్, డీఎం నియోనేటాలజీ (అప్పుడే పుట్టిన పిల్లల వైద్యం) అంటే పదకొండేళ్లు దాటుతుంది. పసిపిల్లల పక్కనే నిలబడి వైద్యం చేయాలనుకుంటే ఆ దారే, లేదా బీఎస్సీ నర్సింగ్, దాన్ని చిన్నచూపు చూడకండి, ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డు) మీ పాపను రాత్రీ పగలూ కనిపెట్టుకున్నది నర్సులే.

బీటెక్ బయోటెక్నాలజీ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పేరు బాగుంటుంది, కానీ నేను చూసిన చాలా ప్రైవేటు కాలేజీల్లో ల్యాబ్ సరిగా లేదు, పిల్లలు చివరికి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు వెళ్తున్నారు. నాలుగేళ్లు, లక్షల ఫీజు, రీసెర్చ్ చేతికి అందదు. తిరుపతి ఐసర్‌లో (సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థ) డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ దీనికంటే ఎన్నో రెట్లు మేలు, మీకు దగ్గర కూడా. ప్రవేశ పరీక్షలో మ్యాథ్స్ ప్రశ్నలుంటాయి, బైపీసీ కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. జీతం గురించి అడిగారు, తర్వాత పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఇస్తారు.

ఈ పరిశోధన డాక్టర్లే చేస్తారనుకోకండి. ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2015 నుంచి 'గర్భిణి' అనే అధ్యయనం నడుస్తోంది, గురుగ్రామ్ సివిల్ ఆస్పత్రికి వచ్చే వేల మంది గర్భిణులను మొదటి నెలల నుంచీ గమనిస్తూ కాన్పు ముందే ఎందుకవుతోందో వెతుకుతున్నారు. గర్భం ఎన్ని వారాలదో స్కాన్ చూసి లెక్కగట్టే పద్ధతిని వాళ్లతో కలిసి తయారుచేసింది ఐఐటీ మద్రాస్ వాళ్లు. ప్రపంచంలో ఏటా ఇలా పుట్టే కోటీ 30 లక్షల పైచిలుకు పిల్లల్లో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. మీ అమ్మాయికి పని దొరకదని భయపడుతున్నారా?

బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని కాన్పుకు ముందు మీకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారని రాశారు. అది న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టర్ గొర్రెల మీద స్టెరాయిడ్లతోనే వేరే ప్రయోగం చేస్తుంటే బయటపడింది. బతకకూడనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీస్తోందేమిటా అని ఆగి చూశాడాయన, 1972లో అది తల్లులకూ పనిచేస్తుందని తేలింది. మీ పాప ఊపిరి వెనుక ఆ గొర్రెపిల్ల ఉంది.

ఈ కథ తనకు తెలుసా? బీరువాలో దాచిన డిశ్చార్జ్ ఫైలు తనకింకా చూపించలేదన్నారు. ఈ ఆదివారం తీసి తన చేతికివ్వండి, ఇద్దరూ కూర్చుని చదవండి. అర్థంకాని మాటలు తననే వెతకనివ్వండి.