కుక్కను పార్కుకి తిప్పేవాళ్ళకి ఒక మాట

అబ్బయా,

లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నావని, రోజూ పొద్దున్నే మన నెల్లూరు స్వర్ణాల చెరువు పక్కన తిప్పుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ అది దొడ్డికి పోయినచోట వదిలేసి రాకు. పదేళ్ళు కుక్కను పెంచి, చెయ్యాల్సిన తప్పులన్నీ చేసి చెప్తున్నా.

మొదట్లో నేనూ మా వీధి చివర పార్కులో చెప్పు కొనతో పక్క కాలవలోకి నెట్టేసి, శుభ్రం చేశానని మురిసిపోయేవాణ్ణి. ఒక నవంబర్‌లో తుపాను వాన వెలిసిన మర్నాడు అటు నడుస్తుంటే కనపడింది, ఆ కాలవ తూము తిన్నగా చెరువులోకే దిగుతోంది, నల్లటి నీళ్ళు నురగలు కక్కుకుంటూ. ఇంటి దగ్గరైతే పేడలాంటిదేగా అని వంకాయ మొక్కల మొదట్లో వేశా! పశువుల డాక్టరు పెట్టిన చీవాట్లు ఇంకా మర్చిపోలా. ఆవు తినేది గడ్డి, కుక్క తినేది మాంసం, గుడ్లు. దాని పేగుల్లోని ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, కొంకిపురుగు పిల్లలైతే ఒట్టికాళ్ళతో నడిచేవాళ్ళ పాదాల్లోంచి దూరతాయి. చెప్పులు విడిచి గడ్డి మీద నడిచే పెద్దవాళ్ళు పార్కులో ఎంతమందో నువ్వే చూస్తున్నావు.

నీళ్ళ సంగతి నీకు నేను చెప్పేదేముంది, మీ నాన్న రొయ్యల గుంటల్లో చూసిందే. మేత ఎక్కువై కుళ్ళితే నాచు పెరిగి, తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, అందరూ నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గరికి పరిగెత్తుతారు. కుక్క మలంలో ఉండే నత్రజని, భాస్వరం చెరువులో చేసే పనీ ఇదే. రొట్టెల పండగకి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం బారాషహీద్ దర్గా దగ్గర దిగి నిలబడేది ఆ నీళ్ళలోనే. ఊరి మురుగు ముందు నా కుక్కది ఎంతలే అంటావు, వీధికుక్కలో అంటావు. నిజమే, కాదన్ను. కానీ వాటి వెనక గొలుసు పట్టుకుని ఎవరూ లేరు, దీని వెనక నువ్వున్నావు.

పని పెద్దదేం కాదు. అది నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగి నడుం వంచగానే పాత పేపరు మడిచి కిందికి జార్చు. అందకపోతే బ్రెడ్డు కవర్లో చెయ్యి దూర్చి, ఎత్తి, కవర్ని తిరగేసి ముడెయ్యి. చేతికి వెచ్చగా తగులుతుంది, మొదటి వారం కడుపులో తిప్పుతుంది, తర్వాత అలవాటైపోతుంది. ముడేసిన కవరు చెత్తడబ్బాలోకి పోవాలి. పొదల్లోకి విసిరేవాళ్ళున్నారు చూడు, వాళ్ళకంటే అసలు ఎత్తనివాళ్ళే నయం. పేపర్లో ఎత్తింది ఇంటికి తెచ్చి లెట్రిన్‌లో దులిపి నీళ్ళు కొట్టినా సరే. వాన మబ్బు పట్టిన రోజు మాత్రం బద్ధకించకు, మొదటి వానకే అంతా కొట్టుకుపోతుంది.

కుక్కపిల్లకి కడుపులో పురుగులు పోయే మందు కూడా వేయించు, దానికి 3 నెలలు నిండేదాకా 15 రోజులకోసారి, 6 నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత 3 నెలలకోసారి. మోతాదు డాక్టరు బరువు చూసి చెప్తాడు, నీ అంతట నువ్వు వెయ్యొద్దు.

ఆదివారం కుక్కను తీసుకుని ఇంటికి రా. మీ పెద్దమ్మ పాత పేపర్లు కట్టకట్టి పెట్టింది.

మీ పెదనాన్న